పనసాకు బుట్టలూ, నేను కల్పించిన ఏడు తరాలూ

ఫోనులో నా మొహం లక్షమంది చూసేరు. లక్షంటే మరీ లక్ష కాదు లెండి. మా కోడలు చూసి పన్నెండు వేల చిల్లర అని తేల్చింది. అందులో ఓ నలభై సార్లు నేనే చూసుకున్నాను. అయినా మామిడికుదురు సెంటర్లో టీ తాగుతుంటే ముక్కూ మొహం తెలీని మనిషి వచ్చి "బుట్టల తాతగారు మీరే కదండీ" అని అడిగిన మాట మాత్రం నిజం.

మా వైపు పొట్టిక్కలు తిననివారుండరు. నాలుగు పనసాకుల్ని అడ్డంగా నిలువుగా పేర్చి, అంచులు పైకి మడిచి, కొబ్బరి ఈనె పుల్లల్తో గుచ్చితే గ్లాసంత బుట్ట తయారవుతుంది. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్క. ఆకు వాసన పిండికి పట్టాలి, దాని గొప్పంతా అదే. తినడం అందరికీ వచ్చు గానీ బుట్ట కుట్టడం వచ్చినవాళ్ళు తక్కువ. మా ఇంట్లో అయితే ఎవరికీ వచ్చేది కాదు. వెనకింటి వదినగారికి వచ్చు. వదినంటే చుట్టరికం లేదు, గోడ వరసే. నాకంటే రెండేళ్ళు పెద్దావిడ. నలభై ఏళ్ళపాటు అంబాజీపేట హోటళ్ళకి బుట్టలు కుట్టి పోసింది. తర్వాత తర్వాత హోటళ్ళవాళ్ళు స్టీలు గిన్నెల్లోకి మారిపోయేరు. ఆవిడ పని పండగలకీ పెళ్ళిళ్ళకీ మిగిలింది.

హైదరాబాదులో, విశాఖపట్నంలో ఉన్న మనవాళ్ళు ఈ బుట్టల కోసం మొహం వాచిపోయి ఉంటారని మొదట అన్నది మా కోడలు. ఆకు వాడిపోకుండా తడిగుడ్డలో ఎలా చుట్టాలో, పొద్దుటి ఎండలో ఫోటో ఎలా తియ్యాలో అంతా ఫోనులో వీడియోలు చూసే నేర్చుకుంది. ఒక పేజీ పెట్టింది. మా అరుగు మీద వదినగారు కుడుతుంటే పక్కన కూచుని తనూ నేర్చుకునేది. సాయంత్రం స్కూటీ మీద అమలాపురం వెళ్ళి, ట్రావెల్స్ బస్సులో పార్సిలు వేసి వచ్చేది.

మొదటి పార్సిలు అందుకున్న హైదరాబాదు ఆవిడ మెసేజి పెట్టింది. "బుట్టలు అందేయండి. లోపల ఇడ్లీలు మర్చిపోయినట్టున్నారు." ఆ రోజునుంచీ పేజీలో మొదటి ముక్క "ఇవి ఖాళీ బుట్టలండి" అని ఉంటుంది.

ఇక నా ఘనకార్యం. వదినగారు కొత్తపేటలో కూతురింటికి వెళ్ళిన వారంలో కోడలు వచ్చి అంది: "మావయ్యగారండీ, పేజీలో ఎప్పుడూ చేతులే కనిపిస్తున్నాయి. మనిషి కనిపిస్తే కొనేవాళ్ళకి నమ్మకంట. వెనకింటి పిన్నిగారు ఊళ్ళో లేరు. ఇవి ఆవిడ కుట్టినవని మీరో రెండు ముక్కలు చెప్పండి, చాలు."

రెండు ముక్కలే చెప్పమంది. నేనేమో ముప్పై ఏళ్ళు అమలాపురం రాజోలు బస్సులో టిక్కెట్లు కొట్టినవాణ్ణి. నోరు తెరిస్తే చివరి స్టేజీ దాకా మూతపడదు. వదినగారు కుట్టిపెట్టిన బుట్ట చేతిలోకి తీసుకుని, ఆఖరి పుల్ల నేనే గుచ్చుతున్నట్టు పట్టుకుని మొదలెట్టేను. "ఇది ఏడు తరాలుగా మా ఇంటి విద్యండి. మా ముత్తాతగారు ఒక జమీందారు గారింటి పెళ్ళికి ఒక్క పూటలో పదివేల బుట్టలు కుట్టేరు. నాకు ఆరో ఏట పుల్ల చేతికిచ్చేరు."

మా ముత్తాతగారు ఏం చేసేవారో నాకు తెలీదు. ఆయన పేరు కూడా మా ఆవిణ్ణి అడగాలి.

కోడలు మొహం చిట్లించింది. "పిన్నిగారి మాటే రాలేదు కదండీ."

"వ్యాపారమన్నాక కాస్త ఉప్పూ కారం ఉండాలమ్మా. పెట్టెయ్యి."

బస్సు టైమవుతోందని పెట్టేసి వెళ్ళింది. నాలుగు రోజుల్లో ఫోను మోగీ మోగీ వేడెక్కింది. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటువాళ్ళు వినాయక చవితికి మూడువందల బుట్టలు కావాలన్నారు. కోడలు ఒప్పేసుకుంది, వదినగారున్నారన్న ధైర్యంతో.

వదినగారు వచ్చేరు. కొత్తపేటలో మనవరాలు వీడియో చూపించేసిందట. మా వైపు కోపం కేకల్లో కనపడదు, మర్యాద పెరుగుతుంది. "ఏమయ్యా మరిదీ, టీ తాగేవా" అని గోడవతల్నించి పలకరించే మనిషి, ఆ వేళ చేతులు జోడించింది.

"నమస్కారమండి. తమరు కులాసాయేనా అండి?"

గబగబా గోడ దగ్గరికి వెళ్ళేను.

"బుట్టలకి రారేంటి వదినగారూ?"

"తమరిది ఏడు తరాల విద్యటండి. నాది నలభై ఏళ్ళేనండి. పెద్దల ముందు మేం కుట్టడం బాగోదండి. ఆయ్."

లోపలికి వెళ్ళిపోయింది. చవితి వారం రోజులుంది. కోడలు ఎంత చేసినా రోజుకి ముప్పై దాటవు.

 మధ్యాన్నం అన్నం వడ్డిస్తూ కోడలు అంది: "ఆర్డరు పోతే పోనియ్యండి మావయ్యగారూ. ఆవిడ చేతి పనికి మీ ముత్తాతగారి పేరు పెట్టేరు. అది మీరే వెళ్ళి తీసెయ్యాలి." మా ఆవిడ నావైపు చూసి పప్పు గిన్నె తన దగ్గరికి లాక్కుంది.

సాయంత్రం వెళ్ళేను. నిజం చెబుదామనే వెళ్ళేను. తీరా ఆవిడ గుమ్మంలో నిలబడేసరికి నోరు పాత దారి పట్టేసింది. "మీ మాట చెప్పేనండీ వదినగారూ, ఎడిటింగులో పోయింది."

"ఎడిటింగంటే ఏంటండి? తమరు అబద్ధమాడ్డాన్ని ఇంగ్లీషులో అలా అంటారా అండి?"

తల దించుకున్నాను. అప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పేను. విన్నది. మెత్తబడలేదు.

"నా గుమ్మంలో చెప్తే నాకొక్కదానికే తెలుస్తుందండి. అబద్ధం ఊరందరికీ చెప్పేరు కదండి."

మర్నాడు పొద్దున్నే అరుగు మీద కూచుని కోడలి చేత లైవు పెట్టించేను. ఇదేమీ పెంచి చెప్పలేదు. ఏడు తరాలు లేవని, జమీందారు లేడని, ఈ బుట్టలు మా వెనకింటి వదినగారివని, ఆవిడ నలభై ఏళ్ళ పనిని నేను రెండు నిమిషాల్లో నాదని చెప్పుకున్నానని, తప్పయిపోయిందని చెప్పేను. సరిపోయిందనుకుని లేవబోతుంటే కింద ఎవరో రాసేరట, కోడలు చదివింది: "తాతగారూ, మీకసలు ఒక్క బుట్టైనా వచ్చా? కుట్టి చూపించండి."

కూచున్నాను. మొదటి పుల్లకే ఆకు చీరిపోయింది. రెండోసారి నాలుగాకులూ నాలుగు దిక్కులకి జారేయి. మూడోది ఎలాగో నిలబడింది. గెలిచేనని చెప్పి అందులో చెంబెడు నీళ్ళు పోసేను. నీళ్ళన్నీ నా పంచె మీదే.

గోడవతల్నించి గొంతు వినపడింది. "నునుపు వైపు లోపలికి రావాలయ్యా. తిరగెయ్యి."

తిరగేసేను.

"అటు కాదు. చిన్నపిల్లలకి వస్తుంది, నీకు రాదేంటి?"

దొడ్డిదారిన వచ్చి నా చేతిలో ఆకు లాక్కుంది. నాలుగు పుల్లలు, నాలుగు మడతలు, బుట్ట నిలబడింది. నీళ్ళు పోసి ఫోనుకేసి చూపించింది. బొట్టు కారలేదు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, అవతల జనం చూస్తున్నారని. చెంగు సర్దుకుని అంది: "ఇతను చెప్పినవి సగానికి సగం కోసుకుని నమ్మండి. బుట్టలు మాత్రం మంచివేనండి."

ఆ పైన నన్నెవరూ పట్టించుకోలేదు. ఏ ఆకు కొయ్యాలని ఒకరు అడిగేరు. లేతాకు పిండి బరువుకి ఒరిగిపోతుందని, పండుబారినది మడిస్తే విరుగుతుందని, నడిమి ఆకు కావాలని చెప్పింది. ఇంకొకరు ఎంతసేపు ఉడకాలన్నారు. అరగంటకి పైగా జవాబులిచ్చింది. ఫోను పట్టుకుని పట్టుకుని కోడలికి చెయ్యి నొప్పెట్టింది గానీ కిందకి దించలేదు.

లైవు అయ్యేక ఒకటే అడిగింది. పేజీలో తన ఫోటో ఉండాలి, కుట్టేది ఎవరో రాసి ఉండాలి. కోడలు అక్కడికక్కడే ఫోటో తీసి పెట్టింది. నా పాత వీడియో తీసేసింది. నాకు కొంచెం బాధేసింది, ఒప్పుకుంటాను. అందులో నా జుట్టు బాగా కుదిరింది.

మధ్యాన్నానికి కొత్తపేటనించి వదినగారి కూతురు కూడా వచ్చింది. నాలుగు రోజులు మా అరుగంతా ఆకులే. ఆకులు కడగడం, ఈనెలు చీల్చి పుల్లలు కొయ్యడం నా డ్యూటీ. చవితికి రెండు రోజుల ముందు మూడువందలూ తడిగుడ్డల్లో చుట్టుకుని అమలాపురంలో బస్సెక్కేయి.

ఆ మూడువందల్లో ఇరవై నేను కుట్టినవే.

ఇరవై కాదు, రెండు. ఆ రెండూ వదినగారు విప్పి మళ్ళీ కుట్టేరు. విప్పుతున్నంతసేపూ నేను పక్కన కూచుని ఆకులు తుడిచి ఒక్కొక్కటీ ఆవిడకి అందించేను.