అడగకుండా వాడుకున్న అడ్రసులు

నూరీన్ గగన్‌పహాడ్‌లోని ఒక చిన్న కంపెనీలో మూడేళ్లు పనిచేసింది. సరుకు గోదాముల్లో పెట్టెలను తూచి బెల్టు మీద ముందుకు పంపే యంత్రాలు ఆ కంపెనీ తయారీ. ఆ యంత్రాల్లోని కంప్యూటర్లకు డ్రైవర్లు రాయడం ఆమె ఉద్యోగం.

"డ్రైవర్‌ను పెట్టుకుంటరు గని, రాసుడేంది?" అని వాళ్ల నాన్న ఖదీర్ మొదట్లో నవ్వేవాడు. ఆయనకు శంషాబాద్ పాత బస్టాండు వెనక మోటార్ వైండింగ్ దుకాణం. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యాక బోరు మోటార్లు తెచ్చేవాళ్లు తగ్గిపోయారు. కూతురు చిన్నప్పటి నుంచీ ఆ దుకాణంలోనే చదువుకుంది. ఏ తీగ ఎక్కడిదో గుర్తు కట్టకుండా మోటారు విప్పితే ఆయన ఊరుకునేవాడు కాదు.

ఆయనకు అర్థమయ్యేలా ఆమె ఒకసారి చెప్పింది. కంప్యూటర్‌కు తగిలించిన ఒక్కో కార్డుతో మాట్లాడే ప్రోగ్రామే డ్రైవర్. ప్రతి కార్డుకూ మెమరీలో కొన్ని అడ్రసులుంటాయి. వాటిలో రాస్తేనే కార్డు పని చేస్తుంది. ఏ అడ్రసులు ఎవరి చేతిలో ఉన్నాయో ఆపరేటింగ్ సిస్టమ్ రాసిపెట్టుకుంటుంది. కాబట్టి డ్రైవర్ ముందు అడగాలి. ఇస్తే వాడుకోవాలి, ఇంకొకరివంటే వెనక్కి తగ్గాలి.

"అడగకపోతే?" అన్నాడు ఖదీర్.

"అడగకున్నా రాయొచ్చు అబ్బా. ఆపేటోళ్లెవరూ ఉండరు. అందుకే అడగాలె."

మూడో ఏడు ఆమెకు బెల్టును ఆపే బటన్ పని అప్పజెప్పారు. పాత బెల్టుల్లో ఎర్ర బటన్ ఒత్తితే నేరుగా కరెంటే పోయేది. మళ్లీ లైనంతా నడిపించడానికి చాలాసేపు పడుతోందని గోదాముల వాళ్లు గొణిగారు. అందుకని కొత్త మోడల్లో బటన్‌ను ఒక కార్డుకు కలిపి, కంప్యూటరే బెల్టును ఆపేలా మార్చారు. ఆ కార్డుకు నూరీన్ డ్రైవర్ రాసింది. బల్ల మీద విడిగా బాగానే నడిచింది. అసలు యంత్రంలో పెట్టేసరికి, అడిగిన అడ్రసులు ఖాళీ లేవని సిస్టమ్ తిప్పికొట్టింది.

రెండు రోజులు వెతికితే దొరికింది. తూకం కార్డు డ్రైవర్‌ను ఆరేళ్ల కింద మేనేజర్ వీరేందర్ స్వయంగా రాశాడు. ఆ కార్డుకు కావలసినవి రెండు వేల నలభై ఎనిమిది అడ్రసులు. ఆయన అంతకు రెట్టింపు తీసిపెట్టుకున్నాడు. పైగా ఒక్కో పెట్టె తూకం కాగానే మొత్తానికీ సున్నాలు రాసి తుడిచేస్తున్నాడు. కార్డులు అమర్చినవాళ్లు వెనక సగం ఖాళీగానే ఉందనుకొని బటన్ కార్డును అక్కడ పెట్టారు.

నూరీన్ పోయి చెప్పింది. వీరేందర్ ముఖం మాడింది.

"నా డ్రైవర్ ఆరేండ్ల సంది నడుస్తుంది. దాన్ని ముట్టుకుంటే పాత గోదాములన్నిట్ల మళ్ల పరీక్ష చెయ్యాలె. నువ్వే ఆ అడిగే లైను తీసెయ్. అడగకుంటనే వాడుకో. నడుస్తదా లేదా?"

"నడుస్తది సార్. కాని మీ సున్నాలు నా బటన్ ఒత్తిన గుర్తును తుడిచేస్తయి. సరిగ్గా అప్పుడే ఎవరన్న ఒత్తితే, ఆ ఒత్తుడు పోతది."

"సరిగ్గా అప్పుడే ఎవడొత్తుతడమ్మా? ఎల్లుండి గోదామోళ్లకు చూపించాలె. అది అయినంక నేనే సరిచేస్త."

నూరీన్ తన కుర్చీకి తిరిగొచ్చి ప్రోగ్రాములో ఆ లైను తెరిచింది. తరువాత తీసేసింది. మార్పుల చిట్టాలో కారణం రాయాల్సిన చోట "తాత్కాలికం" అని రాసింది. చూపించిన రోజు డ్రైవర్ మొదటిసారికే ఎక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు.

యంత్రాన్ని మామిడిపల్లి దగ్గరి ఒక గోదాములో పెట్టారు. బిగించే పదిహేను రోజులూ నూరీన్ అక్కడే ఉంది. బెల్టు నడిపే పాండు అదే ఊరివాడు, నలభై దాటినవాడు. తన టిఫిన్ డబ్బాలోంచి జొన్న రొట్టె తుంచి పెట్టేవాడు. ఏ పెట్టె ఎక్కడ ఇరుక్కుంటుందో చప్పుడు విని చెప్పేవాడు. నెల తరువాత ఫోను చేశాడు.

"మేడం, ఎర్ర బటన్ ఒక్కోసారి పట్టుకుంటలేదు. రెండోసారి ఒత్తితే ఆగుతుంది. జర చూడుండ్రి."

"సార్‌కు చెప్త పాండన్నా" అందామె. ఆ రోజే వీరేందర్‌కు మెయిలు పెట్టింది. పాత డ్రైవర్ సరిచేయకపోతే ప్రమాదమని స్పష్టంగా రాసింది. "తర్వాతి సర్వీసులో చూద్దాం" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఆమె ఇంకోసారి అడగలేదు.

సర్వీసు ఇంకా మూడు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం పెట్టె నుంచి ఊడిన టేపు రోలరుకు చుట్టుకుంది. పాండు ఎప్పటిలాగే ఎడమచేయి బటన్ మీద ఉంచి, కుడిచేత్తో టేపు లాగాడు. చేతి తొడుగు రోలర్లో చిక్కింది. బటన్ ఒత్తాడు. బెల్టు ఆగలేదు. రెండోసారి ఒత్తితే ఆగింది. ఈలోపు మూడు వేళ్లు నలిగిపోయాయి. దవాఖానలో వాటిని తీసేశారు.

విచారణకు గోదాము వాళ్లు, కంపెనీ వాళ్లు ఒకే గదిలో కూర్చున్నారు. తెర మీద మార్పుల చిట్టా పెట్టారు. లైను తీసింది ఎవరో, ఏ రోజు తీశారో అందులో ఉంది. నూరీన్ పేరు. వీరేందర్ చెప్పిందంతా నోటిమాట. దానికి కాగితం లేదు.

తన దగ్గరున్న ఒకే ఒక్క ఆధారమని నూరీన్ ఆ మెయిలు బయటపెట్టింది. గోదాము తరఫు పెద్దమనిషి దాన్ని రెండుసార్లు చదివాడు.

"అంటే ప్రమాదమని మీకు ముందే తెలుసు" అన్నాడు.

వారంలో ఉద్యోగంలోంచి తీసేస్తూ ఆమె చేతికి ఉత్తరం ఇచ్చారు. ప్రోగ్రామర్ నిర్లక్ష్యం అని అందులో ఉంది. పాత డ్రైవర్‌ను వీరేందర్ అదే వారం సరిచేశాడని తోటి ఉద్యోగి ఒకరు ఫోనులో చెప్పారు. మార్చింది ఒక్క సంఖ్య. అన్ని గోదాములకూ పంపిన కాగితంలో "మరింత మెరుగైన పనితీరు" అని రాశారట.

నూరీన్ మామిడిపల్లికి పోయింది. ఖదీర్ తోడొస్తానన్నా వద్దంది. పాండు భార్య భాగ్యలక్ష్మి తలుపు తీసి, ఎవరో తెలుసుకొని, కుర్చీ వేసింది. పాండు మంచం మీద కూర్చొని ఉన్నాడు. కుడిచేతికి కట్టు. నూరీన్ లైను సంగతి, సున్నాల సంగతి ఏమీ దాచకుండా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"నేను ఫోన్ చేసిననాడే నీకు ఎరుకనా?"

"ఎరుకనే అన్నా. సార్‌కు రాసిన."

"సార్‌కు రాసినవ్. నువ్వు చెప్తనంటే బాగు చేసిండ్రనుకున్న. బెల్టు కాడ ఉన్నది నేను గదా. ఆ బటన్ మీద భరోసా పెట్టుకోకు పాండన్నా అని నాకు ఒక్క మాట చెప్తే, నేను చెయ్యి పెడుదునా?"

ఈ మాట విచారణ గదిలో ఎవరూ అడగలేదు. నూరీన్ తనను తాను కూడా ప్రశ్నించుకోలేదు. ఇన్ని రోజులూ తనకు జరిగిన అన్యాయం గురించే ఆలోచించింది.

"ఇగ పోమ్మా" అంది భాగ్యలక్ష్మి మెల్లగా. "ఆయన మందులేసుకునే టైమయ్యింది."

మర్నాడు నూరీన్ నాలుగు పేజీలు రాసింది. లైను తీయమన్నది ఎవరో, తీసింది తానేనని, తెలిసీ పాండుకు చెప్పలేదని, అన్నీ రాసి సంతకం పెట్టి ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసులో ఇచ్చింది. ఖదీర్ ఆ పేజీలు చదివించుకొని, "నిన్ను నువ్వే ఇరికించుకుంటున్నవ్ బేటీ" అన్నాడు కాని ఆపలేదు.

రెండు నెలలకు పిలుపు వచ్చింది. అధికారి ఫైలు తిప్పి ఒక కాగితం చూపించాడు. గేటు దగ్గర బండ్లు చూసుకునే పని ఇస్తామని, తన పొరపాటు వల్లే దెబ్బ తగిలిందని ఒప్పుకోవాలని గోదాము వాళ్లు పాండుకు చెప్పారు. పాండు ఒప్పుకున్న కాగితం అది. కింద ఎడమచేతి వేలిముద్ర ఉంది.

"దెబ్బ తిన్నాయనకే ఫిర్యాదు లేదు. ఇగ నీకేందమ్మా?" అన్నాడు అధికారి.

ఆయన నాలుగు పేజీలనూ ఆమెకే తిరిగిచ్చాడు. ఫైల్లో పెట్టుకోమని ఆమె మళ్లీ బల్ల మీద పెట్టింది. ఆయన వాటిని ముట్టుకోకుండా తరువాతి మనిషిని పిలిచాడు.