ఏడవని సంఘం

దేవుణ్ణి నమ్మని సమాజంలో వాక్యం ఎలా చెప్పాలన్న విషయం మీద డాక్టరేట్ చేసి, పాస్టర్ జీవరత్నం కృష్ణానగర్‌లో వచ్చి పడ్డాడు. పాపం, ఆయన చదువుకు సరిపడే అవిశ్వాసి ఒక్కడంటే ఒక్కడు దొరకలేదు. అక్కడి జూనియర్ ఆర్టిస్టులు వేషం కోసం జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడిలో కొబ్బరికాయ కొడతారు, దర్గాలో చాదర్ కప్పుతారు, ఆదివారం ఈయన దగ్గరికొచ్చి మోకరిస్తారు. ఏ దేవుణ్ణీ నొప్పించరు.

డాన్సు రిహార్సల్ హాలే ఆయన చర్చి. ఆ సంఘానికి ఏడుపు మహా సులువు. ప్రసంగం అసలు విషయానికి రాకముందే, ఒక్కోసారి ఆ వారం కూటాల ప్రకటనలు చదువుతుండగానే కళ్లు తుడుచుకుంటారు. ఫిల్మ్‌నగర్‌లో చావింటి సీను తీస్తే వెళ్లి ఏడ్చేది వాళ్లే మరి. తన మాట వీళ్లలో ఒక్కరినైనా నిజంగా తాకిందా, ఇదీ వృత్తి అలవాటేనా? ఈ అనుమానం ఆయన్ని తినేసేది. భార్యకు కూడా చెప్పుకోలేదు.

అలా ఉండగా లీలాకుమారి పోయింది. గుంపులో ఏడ్చే వేషాలకు ఆమెను మించినవాళ్లు లేరు. గ్లిజరిన్ ముట్టుకునేది కాదు. శవపెట్టె హాల్లో దించారు. జీవరత్నం మనసు పెట్టి ఓదార్పు వాక్యం ఎత్తుకున్నాడు. ఇవాళైనా తేలిపోతుందనుకున్నాడు. తేలింది. ఒక్క కన్నూ తడవలేదు.

ఆయనకు ఒళ్లు మండింది. వాక్యం మధ్యలో ఆపేసి, "ప్రకటనలు చదివితే ఏడుస్తారు కదమ్మా! తోడబుట్టినదానిలా తిరిగిన మనిషి పోతే ఇదేంటి?" అన్నాడు.

ముందు వరసలో ఉన్న ఎల్లమ్మ తల ఎత్తలేదు. లీలాకుమారితో ఒకే గదిలో కిరాయికి ఉన్న మనిషి ఆమె.

"గా ఏడుపు మేం రోజూ అమ్ముకుంటం అయ్యగారూ. గదే తెచ్చి లీలక్క ముంగట ఎట్ల పెట్టాలె? ఆమెకు ఎరుకైతది. గందుకే బిగబట్టుకొని కూసున్నం."

జీవరత్నానికి సిగ్గేసింది. ఆగిన చోటు నుంచి అందుకుందామని చూశాడు. నోటికొచ్చిన ప్రతి మాటా ఇంతకుముందు ఎవరో ఒకరి పెట్టె దగ్గర చెప్పిందే, పేరు మార్చి చెప్పిందే. మైకు పక్కన పెట్టి, వెళ్లి ఎల్లమ్మ పక్కన చాప మీద కూలబడ్డాడు.

కాసేపటికి పెట్టెను సమాధులకు తీసుకెళ్లే వ్యాను వచ్చింది. "ప్రార్థన చెయ్యండి అయ్యగారూ" అన్నారెవరో. లేచి కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన ప్రభువుతో మొదలుపెట్టాలని కూడా ఆయనకు గుర్తు రాలేదు. "లీలమ్మా..." అన్నాడు. అంత చదువుకున్న మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

సంఘమంతా ఆమెన్ అంది.