నిన్నటి పులుసు

నా భార్యను రెండోసారి రాజమండ్రి డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్లేటప్పుడు, మా బావి నీళ్లు ఒక సీసాలో పట్టి సంచిలో పెట్టుకున్నాను. దోషి ఎవరో అప్పటికే నేను తేల్చేసుకున్నాను. మా పొలాలు కొన్నవాళ్లు వాటిని రొయ్యల చెరువులు చేశారు. మా పెరటి గోడ దాటితే ఆ చెరువులే. వాళ్లు చల్లే మందులు బావిలోకి దిగి ఆమె కిడ్నీలను తినేస్తున్నాయని నా నమ్మకం. ఆ నమ్మకంలో నాకు కొంత సుఖం కూడా ఉండేది.

మా తాతగారి రోజుల్లో ఆ భూములన్నీ మావే. ఇప్పుడు ఇంటి ముందు భాగం కూడా రొయ్యల మేత నిల్వకు అద్దెకిచ్చాం. వెనక రెండు గదులూ వంటిల్లూ మావి. అయినా కొన్ని పద్ధతులు మాత్రం నేను సడలనివ్వలేదు. పులుసు ఇత్తడి గిన్నెలోనే కాయాలి. నిన్నటి అన్నం, నిన్నటి కూర మా ఇంట్లో ఎవరూ ముట్టరు. చద్ది తినడం మా వంశంలో లేదు.

డాక్టరమ్మ సీసా తీసుకుంది, నవ్వలేదు. "పరీక్షకి పంపిద్దామండి. అమ్మగారి రక్తం కూడా పంపిస్తాను. షుగర్ లేదు, నొప్పుల బిళ్లలు వాడింది లేదు. మరి కిడ్నీలు ఎందుకు కుంచించుకుపోతున్నాయో తెలియాలి కదా." తరువాత నా భార్య ఎడమ చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర వేలితో తడిమింది. "కిడ్నీల పనితనం ఇదే వేగంతో పడిపోతే డయాలసిస్ తప్పదమ్మా. ముందుగా ఇక్కడ చిన్న ఆపరేషన్ చేసి నరాన్ని సిద్ధం చేసుకోవాలి. వచ్చే నెలలో చేయించుకోండి."

నా భార్య చెయ్యి వెనక్కి తీసుకుని కొంగు కప్పుకుంది.

ఫలితాలు వచ్చాక మళ్లీ వెళ్లాం. బావి నీళ్లలో ఏమీ లేదు. రక్తంలో మాత్రం సీసం ఉంది, చాలా ఎక్కువగా.

"నీళ్లు సరిగ్గా చూశారా?" అన్నాను.

"చూశారండి. నీళ్లలోంచి కాదు." డాక్టరమ్మ నా భార్య వైపు తిరిగింది. "పొద్దున్నే ఏం తింటారమ్మా?"

"ఇడ్లీ, ఉప్మా, అలాంటివేనండి," అన్నాను నేను.

"రాత్రి మిగిలింది ఏమైనా..."

"మా ఇంట్లో చద్ది తినే అలవాటు లేదండి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "సార్, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

నన్ను అలా బయటికి పంపినవాళ్లు అంతకుముందు లేరు. వరండాలో కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఎదుటి గదిలో డయాలసిస్ చేయించుకుంటున్న ఒకాయన చెయ్యి కనిపిస్తోంది. మణికట్టు పైన నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. అటు చూడకూడదనుకుంటూనే చూశాను. మూసిన తలుపు వెనక నా భార్య గొంతు గుక్క తిప్పుకోకుండా వినిపిస్తోంది. మధ్యలో డాక్టరమ్మ పకపకా నవ్వింది. లోపల ప్రాణం మీదికి వచ్చిన మనిషి ఉంటే ఆ నవ్వేమిటని నాకు ఒళ్లు మండింది.

మళ్లీ పిలిచారు.

"మీరే చెప్పండమ్మా," అంది డాక్టరమ్మ.

నా భార్య నా వైపు చూడలేదు. "మీరు లేవకముందే రోజూ చద్దన్నం తింటానండి, రాత్రి పులుసు వేసుకుని. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇంతే. చేపల పులుసు మర్నాటికి గానీ రుచి రాదు. ఆ సంగతి మీ వంశానికి తెలీకపోతే నేనేం చెయ్యనండీ?"

"రాత్రంతా అది ఏ గిన్నెలో ఉంటుందమ్మా?"

"కాచిన గిన్నెలోనే. ఇత్తడిది."

"లోపల తగరం కళాయి ఉంటుంది కదా," అన్నాను. "కళాయి లేని గిన్నె మా ఇంట్లో పొయ్యి ఎక్కదు."

"ఎవరు వేస్తున్నారు కళాయి?"

నేను నా భార్య వైపు చూశాను. ఆ పని ఎప్పుడూ ఆమే చూసుకునేది. "కళాయి వేసేవాళ్లు ఊళ్లోకి రావడం మానేసి చాలా ఏళ్లయిందండి," అంది. "నిడదవోలు దారిలో లారీ రేడియేటర్లకు మాట్లేసే షెడ్డు ఉంది. అతన్ని బతిమాలితే వేసిపెడుతున్నాడు. స్టీలు గిన్నెలో కాస్తే ఈయన ముద్ద ముట్టరు మరి."

డాక్టరమ్మ మళ్లీ కలం అందుకుంది. రేడియేటరుకు మాట్లు వేసే లోహాన్నే అతను గిన్నెలకూ పూసి ఉంటాడని, అందులో సీసం కలిసి ఉంటుందని, చింతపండు పులుపు దాన్ని లాగుతుందని, వేడి వేడిగా ఒకసారి వడ్డించుకున్న పులుసులో కంటే రాత్రంతా నిలవున్న పులుసులో అది చాలా ఎక్కువ చేరుతుందని చెప్పింది. సీసం ఒంట్లో చేరుతూ పోతే కిడ్నీలు మెల్లమెల్లగా చస్తాయట, నొప్పి కూడా తెలియదట. నా రక్తం కూడా పరీక్ష చేయించింది. తరువాత ఫలితం వస్తే అందులోనూ సీసం ఉంది, కానీ ఆమెలో ఉన్నదాంట్లో కొంచెమే. ఒకే గిన్నె, ఒకే పులుసు. నిన్నటిది ముట్టనని మడికట్టుకు కూర్చున్నవాణ్ని నేను, అది ఇష్టపడి తిన్నది ఆమె.

ఆ గిన్నెలన్నీ డాక్టరమ్మ సంగతి చెప్పిన సాయంత్రమే పాత సామాన్లవాడికి వేశాం. కూరకి పనికొస్తాయని ఎవరికీ అమ్మొద్దని, కరిగించెయ్యమని రెండుసార్లు చెప్పాను. "ఇంత మంచి ఇత్తడి కరిగించమంటారేంటండీ," అని అతను నా మొహంలోకి చూశాడు.

ఆపరేషన్‌ను డాక్టరమ్మ ఒక నెల వాయిదా వేసింది. సీసం లోపలికి వెళ్లడం ఆగితే కిడ్నీలు నిలదొక్కుకుంటాయో లేదో చూద్దామంది. మందులు రాసింది, ఉప్పు తగ్గించింది. ఆ నెలంతా ఆమె కాళ్లకు వాపు వచ్చిందా అని నేను దొంగచూపులు చూసేవాణ్ని. "నా కాళ్లకేసి చూడకండి, సిగ్గేస్తోంది," అని ఆమె చీర కుచ్చిళ్లు కిందికి లాక్కునేది.

నెల తరువాత డాక్టరమ్మ కొత్త రిపోర్టునూ పాతదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. మేమిద్దరం ఆమె కళ్లనే చూస్తున్నాం.

"పడిపోవడం ఆగింది," అంది చివరికి. "పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదు. కానీ నిశ్చింతగా ఉండొద్దు, మళ్లీ చూడాలి."

తిరుగు దారిలో అద్దె కారు ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కేసరికి ఆమె తల నా భుజం మీదికి వాలింది. జబ్బు బయటపడ్డాక ఆమె అలా ఒళ్లు తెలియకుండా నిద్రపోవడం నేను చూడలేదు. ముందు ఒక ట్రాక్టరు దారివ్వకుండా నెమ్మదిగా పోతోంది. డ్రైవరు హారన్ మీదికి చెయ్యి పోనిస్తుంటే వద్దని సైగ చేశాను. ట్రాక్టరు వెనకాలే, దాని నడకనే, గోదావరి దాటాం.