గద్దింపు ఎంతవరకు

మా అబ్బాయి కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో కిక్కర్. ఇక్కడ అమెరికాలో ఫుట్‌బాల్ చాలావరకు చేతులతో ఆడే ఆట, ఒకరినొకరు గుద్దుకుని పడగొట్టుకునే ఆట. అందులో కాలితో తన్నడానికి ప్రత్యేకంగా ఒకడుంటాడు. వాడు ఆటంతా గీత బయటే నిలబడి, పిలిచినప్పుడు పరుగున వచ్చి, రెండు పసుపు స్తంభాల మధ్య నుంచి బంతి పోయేలా తన్ని వెళ్లిపోతాడు. గురి తప్పితే జట్టు అంతసేపు పడిన కష్టం వృథా. చిన్నప్పుడు సాకర్ ఆడిన మావాడు హైస్కూల్లో కిక్కర్ కావాలంటే సరదాకి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. మేముండే ఆష్‌బర్న్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్ల పిల్లలందరూ రోబోటిక్స్ పోటీలకు వెళ్తుంటే, నేనూ మా ఆవిడా శుక్రవారం సాయంత్రాలు స్టేడియం మెట్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్లం.

వాణ్ణి తన జట్టులోకి తీసుకోవడానికి కాలేజీ కోచ్ మా ఇంటికి వచ్చాడు. తలుపు నిండా మనిషి. మా ఆవిడ కోడికూర వండింది. భోజనానికి కూర్చోగానే ఆయన టోపీ తీసి, ప్రార్థన చేసుకుందామా అని అడిగాడు. ఆ ప్రార్థనలో మావాడి పేరెత్తి, ఈ బిడ్డను నా చేతికి అప్పగిస్తే వీడి గురించి నీకు జవాబు చెప్పాల్సింది నేనే ప్రభువా అన్నాడు. మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను అడగాలనుకున్న ప్రశ్నలు చాలానే ఉన్నాయి. ఆమెన్ అన్నాక ఒక్కటీ గుర్తు రాలేదు.

నేను చర్చి సంఘంలో పెరిగినవాణ్ణి. మా నాన్న సంఘ పెద్ద. నడక వచ్చినప్పటి నుంచి బైబిల్ వాక్యం వింటూ, ఇప్పుడు మా తెలుగు సంఘంలో సండే స్కూల్ పిల్లలకు వాక్యం చెబుతున్నాను. మా దగ్గర గద్దింపు మంచి మాట. ఎవరైనా పెద్దలు గద్దించారంటే మన మీద ఇంకా ఆశ వదులుకోలేదని అర్థం. ఈ దేశంలో ఆ మాట నోటితో అనడానికే జనం జంకుతారు. అందుకని గట్టిగా గద్దించే కోచ్ దొరికాడంటే నాకు సంతోషంగానే ఉండింది.

మావాడు ఆ కాలేజీలో చేరాక, మరుసటి ఏప్రిల్‌లో ఒక శనివారం తల్లిదండ్రులను ప్రాక్టీసు చూడనిచ్చారు. నేనొక్కణ్ణే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. మావాడు ఒక తేలికైన కిక్‌లో గురి తప్పాడు. కోచ్ విజిల్ ఊదగానే ఎవరో ఒక మడత కుర్చీ తెచ్చి మైదానం మధ్యలో వేశారు. మావాడు తనంతట తానే వెళ్లి కూర్చున్నాడు. చేతికి చల్లటి నీళ్ల సీసా ఇచ్చారు. మిగిలిన జట్టంతా మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తడం మొదలుపెట్టింది. వాళ్లు పక్క నుంచి వెళ్లినప్పుడల్లా వీడు ఒక గుక్క నీళ్లు తాగాలి. అదీ నియమం.

ఆ పిల్లల్లో కొందరు నాకు రెట్టింపు ఉంటారు. ఎండలో వాళ్ల ముఖాలు కందిపోయాయి. ఒకడు గీత దగ్గర మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకుని, మళ్లీ లేచి పరుగెత్తాడు. కోచ్ కుర్చీ దగ్గరికి వచ్చి, మావాడి ముఖానికి ముఖం ఆనించినట్టు వంగి, వాళ్లు నీ కోసం పరుగెత్తుతున్నారు, తల దించకు, వాళ్ల ముఖాలు చూడు అని అరిచాడు. వాడి ఒంటి మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. అంతా అయ్యాక అదే మనిషి వాడి భుజాల చుట్టూ చెయ్యి వేసి, చెవిలో ఏదో చెబుతూ గేటు దాకా నడిపించుకొచ్చాడు.

కారు దగ్గర అడిగితే మావాడు, "ఇట్స్ నార్మల్ డాడీ," అన్నాడు.

తిరిగి వస్తూ దారంతా అదే ఆలోచించాను. ఒకడి తప్పుకు వేరేవాళ్లు శిక్ష మోయడం. మా పాపాల శిక్ష ప్రభువు మోశాడన్నదే కదా మా విశ్వాసానికి పునాది. సండే స్కూల్లో నేను బొమ్మలు గీసి చెప్పే పాఠం కళ్లెదుట జరిగినట్టనిపించింది. ఆ వారమే పాస్టరు గారికి ఫోన్‌లో చెప్పాను. ఆయన ఆనందపడి, ఆ కోచ్‌ను మన యూత్ సండేకి పిలవండి బ్రదర్ అన్నారు. యువత కోసం జరుపుకునే ఆ ఆదివారానికి కోచ్ జూన్‌లో వస్తానని ఒప్పుకున్నాడు.

మా సంఘానికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్లు తమ ఆరాధన ముగిశాక, మధ్యాహ్నం హాలు మాకిస్తారు. వాళ్ల కాఫీ వాసన ఇంకా పోకముందే మా బిర్యానీ పళ్లేలు దిగుతాయి. ఆ ఆదివారం కోచ్‌కు శాలువా కప్పి వేదిక మీద కూర్చోబెట్టారు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ల కోసం నేను పక్కన నిలబడి తెలుగులోకి మార్చాను. మా కూటాల్లో అనువాదం చేసేవాడు అర్థం ఒక్కటే చెబితే చాలదు, ప్రసంగీకుడు గొంతు పెంచితే తనూ పెంచాలి, చెయ్యెత్తితే తనూ ఎత్తాలి. శిక్షణ లేని ప్రేమ సోమరితనం అని ఆయన ఉరిమితే నేనూ ఉరిమాను. ముందు వరుసలో అమ్మమ్మలు ఆమెన్ అన్నారు.

ఆ తర్వాత పాస్టరు గారు మైకు తీసుకుని సిలువకు ఉపమానంగా ఆ ప్రాక్టీసు సంగతి చెప్పారు. చెప్పి ఊరుకోకుండా వేదిక ముందు ఒక కుర్చీ వేయించారు.

"బాబు, నువ్వొచ్చి ఇందులో కూర్చో. యూత్ అందరూ లేవండి. చిన్నపిల్లలు కూడా. హాలు చుట్టూ పరుగెత్తండి," అన్నారు.

పిల్లలకు కావలసింది అదే. నవ్వుకుంటూ, తోసుకుంటూ కుర్చీల మధ్య నుంచి పరుగందుకున్నారు. వేసవి సెలవులకు ఇంటికొచ్చి ఉన్న మావాడు వచ్చి కూర్చున్నాడు. ఎవరో నీళ్ల సీసా చేతిలో పెట్టారు. దగ్గరే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. పక్క నుంచి ఒక్కొక్క పిల్లో పిల్లాడో వెళ్తుంటే వాడు తల ఎత్తి వాళ్ల ముఖం చూసి, "సారీ," అంటున్నాడు. ఇంకొకరు వస్తే మళ్లీ, "సారీ". గౌను సర్దుకుంటూ అందరికన్నా వెనక వస్తున్న మా పాస్టరు గారి మనవరాలికి కూడా చెప్పాడు. సీసా పట్టుకున్న చెయ్యి వణికి ప్యాంటు తడిసింది. వాడు నటిస్తున్నాడనుకుని వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ లేచి వచ్చింది. ఎవరినీ చూడకుండా వాడి చేతిలో సీసా తీసుకుని, "లే నాన్నా, ఇంటికెళ్దాం," అంది. వాడు కదల్లేదు. అప్పుడు కోచ్ వేదిక దిగి వాడి ముందు మోకాళ్లూని, నువ్వు బాగానే ఉన్నావు, లే అన్నాడు. వెంటనే మావాడు, "యెస్ సర్," అని లేచి నిలబడ్డాడు. తల్లి చెబితే లేవనివాడు ఆయన చెబితే లేచాడు. అది నమ్మకమో భయమో అప్పుడు పోల్చుకోలేకపోయాను. ఇప్పటికీ పోల్చుకోలేను.

కోచ్ బిర్యానీ ముట్టలేదు. పార్కింగ్‌లో నా కారు పక్కన నిలబడి, శాలువా మడతపెట్టి చేతుల్లో పట్టుకున్నాడు. ఇలా అన్నాడు:

"నా కుర్రతనంలో నేనూ ఆ కుర్చీలో కూర్చున్నాను. అది లేకపోతే ఏమైపోయేవాణ్ణో నాకు తెలియదు. మీవాడు నాతో ఎప్పుడూ సారీ అనలేదు. యెస్ సర్ అనేవాడు, అంతే."

ఆయన అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు. కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను, రాలేదు. మా ఇంటి బల్ల దగ్గర చేసిన ప్రార్థన గుర్తుచేద్దామనుకున్నాను, అదీ నోట రాలేదు.

ఇంట్లో మావాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. ఆగస్టులో జట్టు శిక్షణ శిబిరం మొదలవుతుంది. వెళ్లాలా వద్దా అప్పటికి తేలాలి.

"నిన్ను కొట్టాడా?"

"నో."

"బూతులు తిట్టాడా?"

"అందర్నీ తిడతాడు డాడీ. ఒకడికి వాళ్ల గ్రాండ్‌మా చనిపోతే, వాడ్ని హగ్ చేసుకుని ఏడ్చాడు కూడా."

"మరి ఏమిటి నీ బాధ?"

"ఐ డోంట్ నో. కిక్ లోపలికి వెళ్లినా నాకు వాళ్ల ఫేసెస్ కనిపిస్తాయి."

వంటింట్లోంచి మా ఆవిడ, "ఏవండీ, కొట్టాడా తిట్టాడా అనే రెండే ప్రశ్నలున్నాయా మీ దగ్గర?" అంది. వాణ్ణి మానిపించెయ్యమంది, కాలేజీ వాళ్లకు కంప్లయింట్ ఇవ్వమంది. ఏమని ఇవ్వాలి? మావాడికి కుర్చీ వేసి చల్లటి నీళ్లు ఇచ్చారనా? మానెయ్యి నాన్నా అని నేనూ అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"మానేస్తే ఎలా డాడీ? వాళ్లందరూ నా కోసం అంత రన్ చేశారు. నేను వెళ్లిపోతే అది దేనికి?"

సిలువ గురించి నేను పిల్లలకు చెప్పేదీ అచ్చం అలాగే ఉంటుంది. మీ కోసం అంత బాధ పడ్డాడే, మీరు వెనక్కి పోతే అది దేనికి అంటాను.

పాస్టరు గారు ఆ వారం మా ఇంటికి వచ్చారు. ఆయనా నిద్రలేని ముఖంతో ఉన్నారు. ఉపమానంలో తప్పుందా, తాను చెప్పిన తీరులోనే తప్పుందా అని నన్నే అడిగారు. ప్రభువు తనంతట తాను మోశాడు, ఆ పిల్లలను బలవంతంగా పరుగెత్తించారు, అది తేడా అన్నాను. శిక్ష తప్పించుకున్నవాడికి మనసులో సమాధానం, శాంతి రావాలి గాని వణుకు రాకూడదు కదా అని కూడా అన్నాను. ఆయన తలూపి, అయితే పశ్చాత్తాపానికి మొదట వణుకు వద్దా బ్రదర్ అన్నారు. కావాలనే ఇద్దరికీ తెలుసు. శిక్షణ గురించి ఉన్న వాక్యాలూ మాకు తెలుసు, పిల్లల మనసు విరగకుండా చూడమని తండ్రులకు ఉన్న ఆజ్ఞా తెలుసు. మొదటిది ఎక్కడ ఆగి రెండోది మొదలవుతుందో మాత్రం మాలో ఎవరికీ తెలియలేదు. ప్రార్థన చేసుకుని లేచాం.

జూలైలో, మావాడు వద్దన్నా, కోచ్‌కు ఫోన్ చేశాను. వాణ్ణి ఎంతైనా గద్దించండి, కుర్చీ ఒక్కటి వద్దు అన్నాను. ఆయన వాదించలేదు. ఆలోచిస్తున్నానని, నిజానికి జట్టు మొత్తానికీ అది తీసేద్దామనుకుంటున్నానని చెప్పి, ధన్యవాదాలు కూడా చెప్పాడు. తీసేశాడు కూడా.

దానితోపాటు ఇంకేదో పోయింది. సెప్టెంబరులో మావాడు ఫోన్ చేసి చెప్పాడు. కోచ్ ఇప్పుడు వాడి మీద అరవడం లేదు. గురి తప్పినా, కుదిరినా, గుడ్ ట్రై అని వెళ్లిపోతున్నాడు. పక్కవాడి చెవి దగ్గర గొంతు చించుకుంటాడు, వీడి దగ్గరికి వస్తే గ్లాసు పట్టుకున్నట్టు జాగ్రత్తగా ఉంటాడు. మిగతా పిల్లలు గమనించారు. అక్టోబరు నాటికి వేరే కుర్రవాడు కిక్ చేస్తున్నాడు. కోచ్ పగబట్టాడా, వీడిని ఎలా తాకాలో తెలియక దూరం జరిగాడా, లేక రెండోవాడు నిజంగానే బాగా తంతున్నాడా అని మావాణ్ణి అడిగాను.

"ఎవ్రీథింగ్ ఈజ్ నైస్ నౌ డాడీ. హ్యాపీయా?"

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ సెలవులకు ఇంటికి వచ్చాడు. బాగా తింటున్నాడు, బాగా నిద్రపోతున్నాడని మా ఆవిడ తృప్తిపడింది. శనివారం మధ్యాహ్నం, "డాడీ, బాల్ పట్టుకుంటావా?" అని అడిగాడు. దగ్గర్లోని హైస్కూల్ మైదానానికి వెళ్లాం. బంతిని నిలువుగా నేల మీద ఆనించి, పైన ఒక్క వేలితో పట్టుకోవాలి. మోకాలి మీద కూర్చుని పట్టుకున్నాను. మొదటిది బాగా వెళ్లింది. రెండోది స్తంభానికి ఎడంగా, చాలా ఎడంగా పోయింది.

"పర్లేదు నాన్నా," అన్నాను.

వాడు నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగాడు. కోపమో ఏడుపో తెలియదు.

"పర్లేదు అనకు డాడీ. అందరూ అదే అంటున్నారు. నేనేం రాంగ్ చేశానో చెప్పు."

నాకు ఈ ఆట గురించి ఏమీ తెలియదు. చూసింది మాత్రం ఒకటుంది. కాలు బంతిని తాకకముందే వాడి చూపు స్తంభాల వైపు పోయింది. అది చెప్పాలి. ఎంత గొంతుతో చెప్పాలి? పెద్దల కూటంలో తొణకకుండా మాట్లాడేవాణ్ణి, మైదానంలో మోకాలి మీద కూర్చుని గొంతు కోసం వెతుక్కున్నాను.

"తల ముందే ఎత్తేస్తున్నావు. బంతిని చూడు. మళ్లీ తన్ను," అన్నాను. అనుకున్న దానికన్నా గట్టిగానే వచ్చింది.

వాడు నన్నొకసారి చూశాడు. యెస్ సర్ అనలేదు. సారీ అనలేదు. వెనక్కి అడుగులు వేసుకుంటూ వెళ్లి నిలబడ్డాడు. నేను బంతిని మళ్లీ నిలబెట్టాను. ఈసారి కూడా తప్పితే ఏమనాలో నాకు తెలియదు. వాడు పరుగందుకున్నాడు.