లైటున్న పలక

మా బావ పుస్తకాలకు బైండింగ్ చేస్తాడు. వీధిలో ఆయన్ని అందరూ జిగురాయన అంటారు. పని వల్ల వచ్చిన పేరే అయినా, ఒక మాట పట్టుకుంటే వదలడు కాబట్టి గుణానికీ సరిపోయింది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది చూపిస్తే అది తోక అంటాడు.

ఇంటి ముందుగదే ఆయన షాపు. కిటికీ కింద బల్ల, దాని మీద సూదులు, మైనం పూసిన దారం, కత్తి, జిగురు డబ్బా. గోడవారన ఇనప ప్రెస్సు. అట్ట వేసిన పుస్తకాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి పైన చక్రం బిగిస్తే తెల్లారేసరికి వంకరలన్నీ తీరి సాపవుతుంది. నేను కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. మా దగ్గర చిరిగిన పుస్తకాలన్నీ ఆయన దగ్గరికే వెళ్తాయి. మరదల్ని కాబట్టి పనిస్తున్నానని ఎవరైనా అంటారేమోనని, ప్రతి పుస్తకాన్నీ అత్తగారు కోడలి వంటను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి మరీ తీసుకుంటాను.

బావకు చదువు పిచ్చి. కానీ పాపం, పూర్తిగా చదివిన పుస్తకం ఒక్కటీ లేదు. అట్ట ఆరేలోపు ఎంత చదివితే అంతే, ఈలోగా సొంతదారు వచ్చి పట్టుకుపోతాడు. ఆయన చదివిన కథల్లో హత్యలు చాలా జరిగాయి గానీ హంతకులెవరో ఆయనకు ఇప్పటికీ తెలియదు. అందుకే కూతురు కొత్తది కొనుక్కుని తన పాత ఈ-రీడర్‌ను తండ్రికి ఇచ్చినప్పుడు మేమంతా సంబరపడ్డాం. ఎవరూ వచ్చి వెనక్కి అడగని పుస్తకాలు అందులో బోలెడున్నాయి. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు. ఫోనులా కళ్లలోకి కొట్టదు, కాగితంలాగే ఉంటుంది. కాకపోతే కాగితానికి లాగే దానికీ బయటి వెలుతురే దిక్కు, సొంత లైటు లేదు. ఇంట్లో అందరం దాన్ని పలక అనేవాళ్లం.

ఆ పలకను చివరికి ఆయనే చంపాడు. కుర్చీలో పెట్టి మరిచిపోయి దాని మీదే కూర్చోవడంతో అది కాస్త వంపు తిరిగింది. ఇంకొకరైతే రిపేరు షాపుకు పట్టుకెళ్తారు. వంపు తిరిగిన అట్టకు వైద్యం ఏమిటో చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి కదా, ఆ వైద్యమే చేశాడు. రెండు చెక్కల మధ్య పెట్టి, గీతలు పడకుండా మెత్తటి గుడ్డ కూడా కప్పి, ప్రెస్సు బిగించాడు. పొద్దున తీసి చూస్తే పలక చక్కగా సాపయింది. తెర మీద మాత్రం సాలెగూడు అల్లుకుంది.

"నాన్నా, అది పుస్తకం కాదు" అంది కూతురు ఫోనులో, నవ్వాలో ఏడవాలో తెలియక.

"అందులో ఉన్నవి పుస్తకాలే కదమ్మా" అన్నాడు ఆయన, నిమ్మకు నీరెత్తినట్టు.

కొత్తది తను కొనిపెడతానంది అమ్మాయి. కానీ సెలవు దొరక్క ఆ పని నా మీద పెట్టింది. "పిన్నీ, లైటున్నదే ఇప్పించు. నాన్న వద్దంటున్నాడు, నువ్వు చెబితే వింటాడు" అంది. ఆ మనిషి నా మాట వింటాడని దానికి ఎవరు చెప్పారో.

ఫోన్ల షాపుకు వెళ్లే దారి పొడుగునా బావది ఒకటే పాట. "పుస్తకానికి లైటెందుకు? వెలుతురున్న చోట కూర్చుని చదువుకుంటే పోలా? నాకు పాతది లాంటిదే కావాలి."

"లైటు వద్దనుకుంటే ఆర్పుకోవచ్చు బావా. ఉంటే మీకేం బాధ?"

"ఉంటేనే బాధ" అన్నాడు. ఈ తిక్క సమాధానానికి నేను విసుక్కుంటూ నడిచాను.

షాపులో గాజు బల్ల నిండా ఫోన్లే. ఈ-రీడర్లు ఒక మూలన, అడిగితే తప్ప కనపడని చోట ఉన్నాయి. అక్కడున్న అమ్మాయి ఓపికగా ఒక్కొక్కటీ తీసి చూపించింది. బావ వాటిని చేతిలోకి తీసుకుని వీపు తడిమాడు, అంచుల వెంట గోరు నడిపించాడు. "కుట్టు లేదు, అంతా జిగురే" అని పెదవి విరిచాడు. లైటు లేనిది ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, వీధి వెలుతురులో అటూ ఇటూ వంచి చూసి, రెండు పేజీలు తిప్పి వెనక్కి వచ్చాడు.

"ఇదే ఇచ్చెయ్యమ్మా. అక్షరం ముత్యంలా ఉంది."

"ఏముంది బావా అందులో?" అని అడిగాను.

"ఏదో కథ. ఒక ఊళ్లో ఒకాయన..."

నేను పలక అందుకుని చూశాను. తెర మీద ఉన్నది మన భాషే కాదు. నమూనాకని పెట్టిన వేరే దేశపు భాష ఏదో. అందులో ఆయనకు గానీ నాకు గానీ ఒక్క అక్షరం కూడా రాదు.

అప్పటిదాకా ఉన్న విసుగంతా భయమైంది. ఆయన మాత్రం నా మొహం చూడకుండా ఆ పలకనే చూస్తున్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మూలనున్న కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఎన్నాళ్ల నుంచి?"

బావ నెమ్మదిగా చెప్పాడు. పాత పలకలో చదవడం ఎప్పుడో ఆగిపోయిందట. ఎంత పెద్ద అక్షరమైనా బూడిద పూసినట్టే కనపడుతోందట. ఇంట్లో ఎవరికీ అనుమానం రాకూడదని ఊరికే పేజీలు తిప్పుతూ కూర్చునేవాడట.

"మీ కాలేజీ పుస్తకంలో ఒక ఫారం తలకిందులుగా కుట్టాను, గుర్తుందా? నువ్వు నవ్వావు."

గుర్తుంది. ఫారం అంటే ఒకే కాగితం మడిచిన పేజీల కట్ట. వాటిని వరసలో పేర్చి కుట్టడమే బైండింగులో అసలు పని. ఆ పుస్తకం చదవాలంటే శీర్షాసనం వెయ్యాలని ఆయన్ని ఏడిపించాను.

"ఆ తర్వాత మళ్లీ ఎందుకు తప్పు జరగట్లేదో నాకే తెలీదు. చెయ్యి అలవాటు మీద నడుస్తోందేమో. ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి తప్పుతుంది. తప్పిన రోజున షాపు మూసెయ్యడమే. మా నాన్నకీ ఇలాగే మొదలైంది. ఆఖరికి మమ్మల్ని గొంతును బట్టి గుర్తుపట్టేవాడు."

"మరి లైటున్నది తీసుకోండని ఇంతమందిమి చెబుతుంటే ఎందుకు వద్దంటున్నారు?"

"అది వెలిగించాక కూడా కనపడకపోతే?" అన్నాడు. "ఇన్నాళ్లూ కిటికీ చిన్నదనీ మబ్బు పట్టిందనీ చెప్పుకుంటూ వచ్చాను. లైటు కూడా వచ్చాక ఇంక దేని మీదకి నెట్టను?"

నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే ముందు కోపం వస్తుంది. "చూడకపోతే మాత్రం కళ్లు బాగుపడతాయా? ఇటివ్వమ్మా" అని ఆ అమ్మాయి చేతిలోని లైటున్న పలక లాక్కున్నాను. ఆ పిల్లకు విషయం కొంచెం అర్థమైనట్టుంది. ఏమీ అడక్కుండా వచ్చి భాష తెలుగుకు మార్చింది, అక్షరాలు పెద్దవి చేసింది, లైటు పెంచింది. తెల్లటి వెలుగు కళ్లకు గుచ్చుకుంటుందేమోనని దాన్ని పసుపు రంగులోకి తిప్పింది. బావ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు, ఇంజెక్షన్ చేయించుకునే పిల్లాడిలా.

"చూడండి బావా. నేనున్నాను కదా."

కళ్లు తెరిచాడు. పలకను కాస్త దగ్గరికి, కాస్త దూరానికి జరిపాడు.

"ఈ... పరికరాన్ని..." అన్నాడు. "ఈ పరికరాన్ని నీటికి దూరంగా ఉంచవలెను. మెత్తని పొడి గుడ్డతో మాత్రమే... తుడవవలెను."

తర్వాత ఆపమన్నా ఆపలేదు. ఛార్జింగ్ ఎలా పెట్టాలో చదివాడు, వారంటీ షరతులు చదివాడు, ఏం చేస్తే వారంటీ వర్తించదో కూడా చదివాడు. ఆ సూచనలను ఇంత భక్తిగా చదివిన మనిషి ఇంకొకరు ఉండరు. "బరువు పెట్టరాదు" అన్న చోట ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు. ఇద్దరం ఒకేసారి నవ్వాం. నా గుండె మీంచి పెద్ద బండ దించినట్టయింది.

లైటున్నవాటిలోనే పక్కన పేజీ తిప్పే బటన్లున్నది తీసుకున్నాడు. జిగురు చేత్తో తెర తాకితే మరకలవుతాయని ఆయన లెక్క. డబ్బా కట్టించుకుని నేను ఇంటికి పోలేదు, అటునుంచి అటే బావను కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఈసారి జిగురాయన నోరెత్తలేదు.

డాక్టరమ్మ కళ్లలో మందు వేసింది, దీపం పెట్టి చూసింది, మళ్లీ చూసింది. "రెండు కళ్లలోనూ శుక్లాలు. అందుకే వెలుతురు తగ్గితే మసగ్గా ఉంటోంది. వెనకాల నరం బాగానే ఉంది. చిన్న ఆపరేషన్, భయపడాల్సిందేం లేదు" అంది. బావ వాళ్ల నాన్న సంగతి చెబితే, ఆ జబ్బు ఈయనకు లేదని తేల్చి చెప్పింది.

వీధిలోకి వచ్చాక బావ, "ఏమంది?" అని అడిగాడు. చెప్పాను. పది అడుగులు వేసి మళ్లీ అదే అడిగాడు. మళ్లీ చెప్పాను. "గుడ్డి కన్నా మెల్ల మేలనుకుని సరిపెట్టుకుందామనుకున్నాను. నాకు మెల్ల కూడా లేదన్నమాట" అని నడిరోడ్డు మీద గట్టిగా నవ్వాడు. ఎదురొచ్చినవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. చూస్తే చూశారు.

ఇంటికి వచ్చి అక్కకు అంతా చెప్పాం. బావ దాచిన సంగతి, డాక్టరమ్మ అన్న మాట, అన్నీ. అక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ కూర్చుని వింది. తను ఆశ్చర్యపోలేదు. నాకు అదే ఆశ్చర్యమనిపించింది.

"అయితే ఆపరేషన్ అయ్యాక పేజీలు మీరే చూసుకుంటారు కదా?" అంది బావతో.

"ఏ పేజీలు?"

"మీరు పేర్చి పెట్టిన ఫారాలు. కుట్టే ముందు మీరు భోజనం చేసి నడుం వాలుస్తారు చూడండి, అప్పుడు నేను వెళ్లి వరస సరిచేస్తున్నాను. చెల్లి ఆ పుస్తకం తెచ్చి నవ్విన మర్నాటి నుంచి."

బావ అక్క వైపు తిరిగి, "నాకు చెప్పొచ్చు కదే" అన్నాడు.

"చెబితే షాపు మూసేస్తారు. మూసేస్తే మీరు బతకరు" అంది అక్క. "మధ్యాహ్నం నిద్ర నాకు మాత్రం చేదా?"

మర్నాడు మధ్యాహ్నం నేను చిరిగిన పుస్తకాల కట్టతో వెళ్లాను. బావ భోజనం చేసినా పడుకోలేదు. కిటికీ పక్కన కూర్చుని ఒక్కో ఫారాన్నీ పలక వెలుగు దగ్గర పెట్టి, అంకె చూసి, వరసలో పేరుస్తున్నాడు. నేను గుమ్మంలోనే ఏదో వేళాకోళం ఆడబోతే చెయ్యెత్తి ఆపాడు.

"మెల్లగా మాట్లాడు" అన్నాడు. "లోపల మీ అక్క నిద్రపోతోంది."