మంద పోయిన ఇల్లు

పోయిన నెల ఒక మంగళవారం, ఆఫీసులో ఉండగా గ్లాస్గో హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. నర్సు ఎంతో మర్యాదగా చెప్పింది, అమ్మ పోయిందని. ముందురోజు సాయంత్రమే ఆ నర్సును "తిన్న్యావా తల్లీ?" అని అమ్మ తెలుగులో అడిగింది. ఆ పిల్ల నవ్వి ఊరుకుంటే, నువ్వన్నా చెప్పవేమని నామీద కసురుకుంది. కసురుకునే ఓపిక ఉంది కదా, కోలుకుంటుందిలే అనుకున్నాను.

అమ్మ పుట్టింది కదిరి దగ్గర, గొర్రెలు మేపుకునే ఇంట్లో. కరువొస్తే మా తాత మందను తోలుకుని కృష్ణ వైపు వలసపోయేవాడు. అమ్మ చిన్నప్పుడు ఒక ఏడు అక్కడ మందకు గాలికుంటు జబ్బు తగిలింది. దానికి తోడు ముసురు పట్టింది. తాత భుజాన గొంగడితో, చేతిలో కర్రతో ఒక్కడే ఇల్లు చేరాడు. ఆ తర్వాత వాళ్ళ ఇంటి ముందు గొర్రె అరిచింది లేదు. తాత కూలికి పోయాడు, అమ్మను వేరుశనగ వేసే ఇంటికిచ్చారు, ఆ వేరుశనగ మీదే నేను చదువుకున్నాను. మా ఇంటి చరిత్ర ఇంతే. అమ్మ చెప్పింది కాబట్టి నాకు తెలుసు, రాసిపెట్టినవాళ్ళు ఎవరూ లేరు.

మా ఆయనకు గ్లాస్గోకి దక్షిణంగా ఒక చిన్న ఊరి హాస్పిటల్లో డాక్టరు ఉద్యోగం దొరికినప్పుడు, పాపను చూసుకోవడానికి అమ్మ వచ్చింది. చుట్టూ పచ్చిక, రోడ్డుకు అవతల గొర్రెల ఫారం. వచ్చిన రోజే కిటికీ దగ్గర నిలబడి "యా దేవుడిచ్చిన గడ్డిమే ఇది! మా నాయన చూసుంటే ఏడ్చునేమో" అంది. ఆ ఫారం యజమాని భార్యకు వదినమ్మ అని వరస కలిపేసింది. ఒకరి భాష ఒకరికి రాదు. గొర్రె కాలు పట్టి చూడటానికి భాషతో ఏం పని?

తర్వాతి వసంతంలో ఈ దేశానికి గాలికుంటు వచ్చింది. ఆ మాట చెవిన పడగానే అమ్మ ఇంట్లో తాలింపు మానేసింది. పశువులకు జబ్బొచ్చినప్పుడు నూనె కాగిన వాసన ఊళ్ళోకి పోకూడదని వాళ్ళ పద్ధతి. రోజూ చప్పిడి పప్పే. పాప పళ్ళెం తోసేసి "అవ్వా, దిస్ ఈజ్ సో బోరింగ్!" అనేది. మా ఆయన మాత్రం పళ్ళెం ఖాళీ చేసి లేచేవాడు.

ఒకరోజు ఉదయం చూస్తే అమ్మ ఇంట్లో లేదు. ఈస్ట్ హామ్‌లో మనవాళ్ళ కొట్టు నుంచి తెచ్చుకున్న ఎండు వేపాకు, పసుపు నీళ్ళలో కలిపి, ఆ చెంబు పట్టుకుని ఫారం గేటు దాకా వెళ్ళింది. అప్పటికి పోస్ట్‌మాన్ కూడా గేటు దాటడం లేదు. లోపలికి జబ్బు మోసుకుపోకుండా గేటు ముందు మందు పోసిన గడ్డి పరిచారు. అమ్మ ఎవరి గడపో తొక్కకూడదన్నట్టు ఆ గడ్డిని జాగ్రత్తగా దాటుకుని, గేటు కమ్ముల మీద నీళ్ళు చల్లుతోంది. ఫారం ఆయన అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. నేను చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

"మంచి చేయబోతే అరస్తాడేంమే?"

"నీ కాళ్ళతో జబ్బు లోపలికి పోతుందని ఆయన భయం."

"నేను ఇంట్లో నుంచే కదా వస్తి!"

పాపం, ఆ గొర్రెలకు జబ్బు రానేలేదు. పక్క ఫారంలో బయటపడింది. పక్కన ఉన్నవాటినీ చంపేయాలని నియమం. ఈ మాట అమ్మకు చెప్పడం నావల్ల కాలేదు, మా ఆయన చెప్పాడు.

"అత్తమ్మా, ఇక్కడ పద్ధతి అంతే."

"గాలికుంటుకు సంపుతారా నాయనా? మాకు దేవుడు తీసుకపాయ. ఈటికేమొచ్చె?"

తుపాకులు పేలిన రోజు అమ్మ మా గేటు దగ్గర నిలబడింది. రోడ్డుకు అవతల వాళ్ళ గేటు దగ్గర ఆ వదినమ్మ నిలబడింది. దాటడానికి వీల్లేదు. చప్పుడు ఆగేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. నేను చలికోటు తెచ్చి అమ్మ భుజాల మీద వేస్తే తీసి నా చేతికిచ్చింది. ఆ రోజు నాకు అమ్మ మీద వచ్చినంత జాలి ఇంకెప్పుడూ రాలేదు.

ఏడాది తిరిగాక, మళ్ళీ గొర్రెల్ని పెంచుకోవచ్చని ఫారాలకు అనుమతి వచ్చింది. ఎదుటి ఫారంవాళ్ళు మాత్రం కదల్లేదు. గడ్డి మోకాలెత్తు పెరిగింది. అప్పుడు అమ్మ ఒక మాట చెప్పింది. గొర్రెలు కాసేవాళ్ళలో ఎవరి మందయినా పోతే చుట్టాలు ఇంటికొక ఆడ గొర్రెపిల్లను తెచ్చి కట్టాలట. "మంద పోయిన ఇంటికి మాట ఎత్తుకోని పోగూడదు, గొర్రెపిల్లను ఎత్తుకోని పోవల్ల." తాత మంద పోయినప్పుడు చుట్టాలవీ పోయాయి. ఎవరూ ఏమీ కట్టలేదు.

"మా నాయన వాకిలి తట్టు చూస్తా చూస్తా సచ్చిపాయ. ఈయమ్మనన్నా అట్ల చూడనీయొద్దు."

మా ఆయన అక్కడా ఇక్కడా వాకబు చేసి, కాగితాలన్నీ సరిచూసుకుని ఒక ఆడ గొర్రెపిల్లను తెప్పించాడు. అమ్మ దాన్ని ఒడిలో పెట్టినప్పుడు ఆ ఇంటామె వద్దు వద్దంటూనే గట్టిగా పట్టుకుంది. ఆ ఆకురాలు కాలంలో ఆ పొలంలోకి మళ్ళీ మంద వచ్చింది. మేము గ్లాస్గోకి మారాక కూడా అమ్మ ఆదివారాలు మమ్మల్ని కూర్చోనివ్వలేదు, ఆ ఫారానికి తీసుకెళ్ళమనేది. కారు ఆగీ ఆగకముందే తలుపు తీసుకుని పొలంలోకి, ఆ గొర్రె దగ్గరికి నడిచేది.

అంత్యక్రియలకు ఆ ఫారం ఆమె వచ్చింది. భర్త పోయి, బాగా వంగిపోయి ఉంది. కర్మకాండ అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మ ఇచ్చిన గొర్రె ఇంకా ఉంది, ముసలిదైపోయింది, ఒకసారి వచ్చి చూడు" అంది.

పోయిన ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళాను. కారు చప్పుడు విని ఒక గొర్రె మందలోంచి విడిపోయి, కుంటుకుంటూ కంచె దాకా వచ్చింది. నన్ను చూసింది. నన్ను దాటి కారు వైపు చూసింది. అవతలి తలుపు తెరుచుకుంటుందేమోనని అక్కడే నిలబడింది.