మోత ఆగిన పొద్దున

మా అమ్మాయి విమానం నడపడం నేర్చుకుంటానన్నప్పుడు ఇల్లు పీకి పందిరేశాను. మల్కాజ్‌గిరిలో ఉండగా దానికి స్కూటీ నేర్పింది నేనే. తిన్నగా గోడ మీదికి పోనిచ్చింది. "గోడను చూస్తావేందే? చూసిన కాడికే పోతది బండి. సందు చూడు, సందు!" అని నెత్తిన మొట్టాను. ఆ తర్వాత దాని వెనక సీట్లో ఒక్కనాడూ కూచోలేదు. నా ప్రాణం నాకు తీపి మరి.

సైనిక్‌పురికి మారాక, రోజూ పొద్దున ఎనిమిదింటికి దాని విమానం మా డాబా మీదుగా పోయేది. నెల నుంచి ఒక్కతే నడుపుతోంది. బట్టలారేస్తూ, "వచ్చిందమ్మా మోత, చెవులు చిల్లులు పడ!" అని తిట్టుకునేదాన్ని.

ఆవేళ ఆ మోత రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తలెత్తి చూశాను. విమానం ఆకాశంలోనే ఉంది, చప్పుడు మాత్రం లేదు. తెల్లగా, నిమ్మళంగా ఇళ్ల మీంచి కిందికి జారిపోతోంది. ఎంత అందంగా ఉందో! అందులో నా బిడ్డ ఉంది. "మోగవే తల్లీ, ఒక్కసారి మోగవే!" అని తడిచీర గుండెకు హత్తుకుని అరిచాను.

ఇరవై నిమిషాలకు ఫోను మోగింది. "అమ్మా, దిగిన. నాకేం కాలే. పరేషాన్ కాకు."

అది చెప్పిన చోటికి స్కూటీ మీద ఎలా పోయానో నాకే తెలియదు. ఊరి బయట మక్కజొన్న కోసిన చేను. చుట్టూ ఏనుగులంతేసి రాతి గుండ్లు. మధ్యలో విమానం, ఒక్క గీత పడకుండా. చేను గలాయన ముట్టుకోవడానికి జంకుతూ దాని చుట్టూ తిరుగుతున్నాడు. "ఆవాజే లేదక్కా. గద్ద లెక్క దిగింది," అన్నాడు.

చక్రాల జాడలు రెండు గుండ్ల మధ్య నుంచి తాడు పట్టి గీసినట్టు వచ్చాయి. వాటి వెంట నడుచుకుంటూ, విమానం పక్కన నిలబడ్డ నా బిడ్డ దగ్గరికి పోయాను.

"గిన్ని గుండ్లల్ల ఎట్ల దిగినవే?"

"గుండ్లను చూడలే. సందు చూసిన. నువ్వే చెప్తివి కదా?"

నేను చెప్పానా? తిట్టాను, అంతే. కన్నబిడ్డకు దండం పెట్టబుద్ధేసింది.

అధికారులు వచ్చి అన్నీ రాసుకుని పోయేసరికి మధ్యాహ్నం దాటింది. స్కూటీ దగ్గర అది అలవాటుగా వెనక సీటు వైపు నడిచింది. తాళం దాని చేతిలో పెట్టి, ఆ సీట్లో నేను కూచున్నాను.

"పోనియ్," అన్నాను.